మంద కింద శ్మశానం

1997 వేసవిలో పుంగనూరుకు దగ్గర్లోని ఒక మండలానికి నన్ను మండల రెవెన్యూ అధికారిగా వేశారు. ఇప్పుడు తహశీల్దారు అంటున్న ఉద్యోగాన్ని అప్పట్లో ఎమ్మార్వో అనేవాళ్ళు. మండలం పేరు, ఊరి పేరు ఇక్కడ రాయను. కొందరి తల్లిదండ్రులను పూడ్చిన చోటి గురించి రాయబోతున్నాను, వాళ్ళ పిల్లలు ఇప్పటికీ అక్కడే కాపురాలు చేసుకుంటున్నారు. అందుకని మనుషుల పేర్లూ మార్చాను. నా పై అధికారి మదనపల్లెలో ఉండే సబ్‌కలెక్టరు. మా సొంతూరు కుప్పం కావడంతో ఆ వైపు మాట, ఆ వైపు మనుషుల మొండితనం నాకు కొత్త కాదు. నాకూ ఆ మొండితనం కాస్త ఎక్కువే. ఆఫీసులో నా వెనక నన్ను 'మిరపకాయ మేడం' అనుకునేవాళ్ళని రిటైరైన రోజున గానీ నాకు తెలియలేదు.

ఛార్జి తీసుకున్న కొత్తలోనే ఇళ్ళ స్థలాల ప్రతిపాదన ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. ఊరికి దగ్గర్లో, తారు రోడ్డు పక్కన, కాస్త వాలుగా ఉన్న ఎర్రమట్టి నేల. గడ్డి తప్ప ఏమీ పండదు. బ్రిటిషు కాలపు సెటిల్‌మెంటు రిజిస్టరులో దానికి 'మేత పోరంబోకు' అని రాసి ఉంది. పోరంబోకు అంటే శిస్తు లేని, అందరి వాడకానికీ వదిలిన సర్కారు నేల. దారి, వంక, చెరువు, మేత, శ్మశానం, ఇవన్నీ పోరంబోకులే. అయితే అన్నీ ఒక్కటి కావు. మేత పోరంబోకును పంచాయతీ తీర్మానం తీసుకుని, అభ్యంతరాలు పిలిచి, కలెక్టరు ఉత్తర్వుతో వర్గం మార్చి పేదలకు పంచవచ్చు. శ్మశాన పోరంబోకును పంచడానికి వీల్లేదు. ఒక్క మాట తేడాతో ఒక నేల ఇళ్ళవుతుంది, ఇంకొకటి ఎప్పటికీ కాదు.

లబ్ధిదారుల్లో అందరూ నిజంగా ఇల్లు లేనివాళ్ళే. ఆ మాట నేను విచారించే చెబుతున్నాను. వాళ్ళలో రెడ్డెమ్మ అనే ఆమె నాకు బాగా గుర్తు. మదనపల్లె టమోటా మండీలో కాయలు ఏరే పనికి పోయేది. అన్న ఇంటి పశువుల కొట్టానికి ఆనించి వేసిన రేకుల కింద ఇద్దరు పిల్లలతో ఉండేది. వారానికొకసారి పని మానుకుని వచ్చి, మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని, తన స్థలం ఏమైందని అడిగి పోయేది. అరవదు, ఏడవదు. అడిగి పోతుంది. అట్లాంటి మనిషికి జవాబు చెప్పడం అరిచేవాళ్ళకు చెప్పడం కన్నా కష్టం.

అభ్యంతరాల కోసం ఊళ్ళో దండోరా వేయించి నోటీసు అంటించగానే ఒక్కటే అర్జీ వచ్చింది. అది మునెప్ప అనే గొర్రెల కాపరి పేరు మీద ఉంది. మదనపల్లెలో ఎవరో అర్జీలు రాసే ఆయన చేత టైపు చేయించారు. ఆ నేల తమ వంశస్థుల శ్మశానమని, తాతల కాలం నుంచి తమవాళ్ళ సమాధులు అక్కడ ఉన్నాయని, వాటిని కాపాడాలని సారాంశం. కింద వేలిముద్ర వేసింది మాత్రం మునెప్ప కాదు, ఆయన పెద్దకొడుకు నంజప్ప. ఎండాకాలం మేత కోసం మునెప్ప మందను తోలుకుని రామకుప్పం వైపు పోయాడని, వచ్చేదాకా ఆగలేక తాను వేశానని నంజప్ప చెప్పాడు.

ఇక్కడ చట్టం మనుషులను పూడ్చిన చోటును ఎట్లా చూస్తుందో కొంచెం చెప్పాలి. మొదటిది రిజిస్టరులో శ్మశానమని రాసి ఉన్న పోరంబోకు. కాల్చేదైనా పూడ్చేదైనా రిజిస్టరుకు ఒకటే మాట. పాత రిజిస్టర్లలో కులం పేరు పెట్టి వేరువేరుగా రాసినవీ ఉన్నాయి. అది మన పెద్దలు మనకు ఇచ్చిపోయిన సంగతి, దాచిపెట్టి లాభం లేదు. రెండోది ఖబరస్తాన్లు, క్రైస్తవుల సమాధి తోటల వంటివి. వాటిని చూసుకునే సంస్థలు వేరు, రూళ్ళు వేరు. మూడోది రైతులు తమ పట్టా పొలంలో గట్టు పక్కన పూడ్చుకున్న సమాధులు. వాటివల్ల ఆ పొలం శ్మశానం అయిపోదు, పట్టాగానే ఉంటుంది. అమ్మితే సమాధితో సహా పోతుంది. నాలుగోది అన్నిటికన్నా చిక్కు. పూడుస్తూ వచ్చారు, ఎక్కడా రాయలేదు. పంచాయతీ చట్టం ప్రకారం పాత శ్మశానమైతే నమోదు ఉండాలి, కొత్తదైతే అనుమతి ఉండాలి. రెండూ లేకపోతే వాడుక రుజువు చేసుకోవాలి. రుజువంటే కంటికి కనబడే గుర్తులు, పక్క పొలాలవాళ్ళ వాంగ్మూలాలు. మునెప్ప నేల ఈ నాలుగో రకం.

స్థల పరిశీలనకు సర్వేయరును, గ్రామ పాలనాధికారిని తీసుకుని పొద్దున్నే పోయాను. నేల మధ్యలో వరసగా మట్టి దిబ్బలు, ఒక్కొక్కదానికి తల దగ్గర ఒక రాయి, పైన సున్నం. దిబ్బల మీద పసుపు కుంకుమ కూడా చల్లారు. నంజప్ప, అతని తమ్ముళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. సర్వేయరు ఒక దిబ్బ దగ్గర కూర్చుని సున్నం మీద వేలు పెట్టి గీశాడు. లోపల ఇంకా తడిగా ఉంది. దిబ్బ పక్కన మట్టి తవ్విన గుంత కూడా పూడ్చలేదు. ఒక దిబ్బ కింద పచ్చగడ్డి నలిగి ఉంది, వాడిపోనూ లేదు.

నాకు ఒళ్ళు మండింది. నా బోటి అధికారి కంట్లో కారం కొట్టవచ్చని అనుకున్నందుకు కాదు. అంత మొరటుగా చేసినందుకు. ఎప్పుడు పెట్టారని నంజప్పను అడిగితే తాతల కాలం నాటివన్నాడు. తాతల కాలం నాటి సున్నం ఇంకా ఆరలేదా అన్నాను. తల దించుకున్నాడు. నియమం ప్రకారం నా పని అక్కడితో అయిపోయినట్లే. దొంగ గుర్తులు సృష్టించి ప్రభుత్వ భూమిని అడ్డుకోవాలని చూశారని ఒక్క వాక్యం రాసి అర్జీని తోసేయవచ్చు. సర్వేయరు అప్పటికే పంచనామా కాగితం తీసి పెట్టుకున్నాడు. పంచనామా అంటే చూసింది చూసినట్లు అక్కడే రాసి, ఊరి పెద్దల చేత సంతకాలు పెట్టించే కాగితం. రాయడం మొదలుపెట్టాం కూడా.

అంతలో మునెప్ప వచ్చాడు. ఎవరో రామకుప్పం కబురు పంపితే, మందను బంధువుల మీద వదిలి, కుప్పంలో బస్సు పట్టుకుని వచ్చాడట. భుజాన కంబళి, చేతిలో కర్ర. నాకు దండం కూడా పెట్టలేదు. దిబ్బలకేసి చూశాడు, కొడుకులకేసి చూశాడు. ఇది ఎవరు చేసిందని అడిగాడు. గవర్నమెంటుకు దిబ్బ కనబడకపోతే శ్మశానమని ఒప్పుకోరంట నాయనా, అర్జీ రాసినాయన చెప్పినాడు అని నంజప్ప గొణిగాడు. ముసలాయన దగ్గరున్న దిబ్బ మీది రాయిని కాలితో తోసేశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఇవి మావి కాదమ్మా. వీటి కింద ఎవురూ లేరు. మావోళ్ళకు దిబ్బ ఉండదు," అన్నాడు.

అప్పుడు ఆయన చెప్పింది నేను అంతకు ముందు ఎక్కడా వినలేదు. వాళ్ళ ఇంట్లో మనిషి పోతే ఆ నేలలో పూడుస్తారు. మన్ను ఎత్తుగా పోయరు, రాయి పెట్టరు. ఆ సాయంత్రమే చుట్టూ తడికలు నాటి, పూడ్చిన చోట మందను కట్టేస్తారు. దినాలు అయ్యేదాకా పొద్దుగూకగానే మంద అక్కడే. గొర్రెల కాళ్ళ కింద మన్ను గట్టిపడుతుంది, నక్కలు తవ్వవు. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. గొర్రెలతో బతికిన మనిషిని మొదటి రాత్రి ఒంటరిగా వదలకూడదు. దినాలు అయ్యేసరికి ఆ చోటుకూ పక్క చోటుకూ తేడా తెలియదు. ఆయన భార్య గంగమ్మ కూడా అక్కడే ఉందని, పోయి రెండేళ్ళు కాలేదని చెప్పాడు.

అంటే ఆ కొడుకులు అబద్ధం చెప్పలేదు. నిజాన్ని సర్కారుకు అర్థమయ్యే ఆకారంలో చూపించాలని చూసి, దాన్ని అబద్ధం చేసిపెట్టారు. వాళ్ళ ఆచారమే వాళ్ళ రుజువును తొక్కి చదును చేసింది. అర్జీ రాసినాయన ఇచ్చిన సలహాతో ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. నేను చూసిన దొంగ రుజువుల్లో నిజం కోసం పెట్టినవి ఇవి మాత్రమే.

ఒక చోట తవ్వి చూస్తే తేలిపోతుంది కదా మేడం అని సర్వేయరు మెల్లగా అన్నాడు. నిజానికి తవ్వించే అధికారం నాకే ఉంది. ఎమ్మార్వోకు ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు హోదా కూడా ఉంటుంది. అనుమానం ఉన్న చావులో పూడ్చిన శవాన్ని బయటికి తీయించేది మేమే. కాని ఆ అధికారం మనిషి ఎట్లా చనిపోయాడో తెలుసుకోవడానికి, నేల ఎవరిదో తేల్చడానికి కాదు. పైగా నేను ఆ పని చేసినప్పుడల్లా చూసినవి చూశాను. ఒక పంచాయతీ తగవు కోసం గంగమ్మను లేపనని సర్వేయరుకు చెప్పాను.

సగం సగం చేద్దామా అనీ చూశాను. నంబరును సబ్‌డివిజన్ చేసి, సమాధులున్న భాగం శ్మశానం, మిగతాది ఇళ్ళకు. దానికి రెండు అడ్డంకులు. శ్మశానానికీ నివాసాలకూ మధ్య కొంత దూరం ఉండాలని నియమం. ఆ చిన్న నేలలో అంత దూరం వదిలితే ఇళ్ళకు మిగిలేది ఏమీ లేదు. అది పక్కన పెట్టినా, ముందు హద్దు తెలియాలి. గొలుసు పట్టుకుని సర్వేయరు మునెప్పను అడిగాడు, ఎక్కడి నుంచి ఎక్కడికని.

"ఈడ, ఆడ అని గీత గీసి సెప్పలేనప్పా. మంద యాడ కడితే ఆడ," అన్నాడాయన.

పక్క పొలాల రైతులను పిలిపించాను. ఒకాయన తనకేమీ తెలియదన్నాడు. ఒకాయన మంద కట్టడం చూశాను గాని దేనికో అడగలేదన్నాడు. ఇంకొకాయన సర్పంచి ముఖం చూసి, ఇళ్ళు వస్తే ఊరికి మంచిదే కదా అన్నాడు. ఎవరినీ తప్పు పట్టలేను. ఒకవైపు ఇల్లు లేని మనుషులు, ఇంకోవైపు కనబడని మనుషులు. నేను ఆ సాయంత్రానికి అర్జీని తోసేయక తప్పదనే అనుకున్నాను.

రెడ్డెమ్మ మర్నాడు ఆఫీసుకు వచ్చింది. మెట్ల మీద కూర్చోలేదు, నేరుగా లోపలికి వచ్చి నిలబడింది. స్థలం సంగతి తేలలేదని చెప్పబోయాను. దానికి కాదు మేడం, స్థలాలిచ్చేది ఆ నేలలోనని నాకు నిన్ననే తెలిసింది, సాక్ష్యం చెబుతానంది. ఏ సాక్ష్యమని అడిగాను. చెప్పడం మొదలుపెట్టింది. నేను వాంగ్మూలం రాసుకోవడానికి కాగితం తీసి, కాసేపటికి పెన్ను పక్కన పెట్టేశాను. అంతా విన్నాక మళ్ళీ మొదటి నుంచి చెప్పించి రాసుకున్నాను.

"నా మొదటి బిడ్డ పాలు తాగే వయసులో సచ్చిపాయ మేడం. ఆ పొద్దు వంక నిండా పారతా ఉండె. మా శ్మశానానికి దాటే దావ లేదు. ఊళ్ళోవాళ్ళ శ్మశానంలో మమ్మల్ని పెట్టనీరు. బిడ్డను వొళ్ళో పెట్టుకోని కూసోనుంటే గంగమ్మత్త వచ్చి ఎత్తుకోని పాయ. ఆడ పూడ్సి, వాళ్ళ బిడ్డకు కట్టినట్లే మంద కట్టిరి. దినాలయ్యేదాకా కట్టిరి."

ఈ మాట కాగితం మీదికి ఎక్కితే ఆ నేలలో ఇళ్ళు రావని, తన పేరుకు వచ్చే స్థలమూ పోతుందని ఆమెకు విడమరిచి చెప్పాను. అట్లా చెప్పడం నా బాధ్యత. ఆమె నా ముఖంలోకి చూసింది.

"నాకు ఇల్లు కావాల. అట్లని నా బిడ్డ మింద నేనే ఇల్లు కట్టుకునేదా మేడం?"

ఎవరైనా తన లాభం కోసం చెప్పే మాటను విచారణాధికారి అనుమానంతోనే వినాలి. తనకు నష్టం తెచ్చే మాటను ఒకరు నోరు తెరిచి చెబితే దానికి చాలా బరువు ఇవ్వాలి. ఆమె ముద్ర వేసి వెళ్ళాక తలుపు దగ్గరికి వేసుకుని కాసేపు ఒక్కదాన్నే కూర్చున్నాను. ఏడ్చానని రాయడానికి నాకేమీ సిగ్గు లేదు. తర్వాత ముఖం కడుక్కుని, సర్పంచినీ రైతులనూ మళ్ళీ పిలిపించి, ఆ వాంగ్మూలం చదివి వినిపించాను. మంద కట్టడం చూశానన్న రైతు ఈసారి దేనికో కూడా చెప్పాడు. ఏమీ తెలియదన్నాయన తన చిన్నప్పటి నుంచి చూసినవన్నీ చెప్పాడు.

వాడుక రుజువైంది. నేను రాయవలసిన నివేదిక ఇక సులువే. మేత పోరంబోకును శ్మశాన పోరంబోకుగా మార్చాలని సబ్‌కలెక్టరు ద్వారా కలెక్టరుకు సిఫారసు. అయితే అది పంపే ముందు మునెప్పను పిలిచి ఆ మార్పుకు అర్థం ఏమిటో చెప్పాలి. శ్మశానమని రాస్తే అది ఆయన వంశానిది కాదు, పంచాయతీది. ఏ కులంవాళ్ళు వచ్చినా పూడ్చుకోవచ్చు, ఎవరూ కాదనకూడదు. మేత అనే మాట కొట్టేస్తారు కాబట్టి పశువులను తోలకూడదు. ముందు ముందు చుట్టూ గోడ కట్టి గేటు పెడతారు.

అందరూ రావడం గురించి ఆయన ఒక్క మాట అనలేదు. రెడ్డెమ్మ బిడ్డను ఎప్పుడో రానిచ్చినవాళ్ళు, వాళ్ళకది పెద్ద సంగతి కాదు. పశువులను తోలకూడదన్న దగ్గర ఆగిపోయాడు.

"మేత అనీ, శ్మశానమనీ రెండూ రాయకూడదా అమ్మా?"

ఒక నంబరుకు ఒక వర్గమే రాయాలని చెప్పాను. ఆ రెండూ తనకు ఒకటేనని ఆయన, రిజిస్టరుకు కాదని నేను. 

"మా తావు మాకు ఇస్తాండావా తల్లీ, తీసుకుంటాండావా?" అన్నాడు.

అది ఎవరికీ పోకుండా రాయగలనని, ఆయనదని మాత్రం రాయలేనని చెప్పాను.  తాను పోయినప్పుడు మంద కట్టనిస్తారా అని అడిగాడు. రూలు ప్రకారం కుదరదన్నాను. గంగమ్మకు కట్టినాము కదా, చాలులే అని లేచి, ఇంకు దిండు మీద వేలు అద్ది ముద్ర వేశాడు. ఆ సాయంత్రం కొడుకుల చేత దొంగ దిబ్బలన్నీ తవ్వించి చదును చేయించాడని విన్నాను.

కలెక్టరు ఉత్తర్వు వచ్చేసరికి నాకు బదిలీ అయింది. ఇళ్ళ స్థలాలకు గుట్ట అవతల, రోడ్డుకు దూరంగా, వేరే నేల చూశారని, రెడ్డెమ్మకూ అక్కడ వచ్చిందని తర్వాత తెలిసింది. మండీకి పోయే బస్సు కోసం ఆమె రోజూ నడవవలసిన దూరం పెరిగింది. ఆ సాక్ష్యానికి ఆమె ఇచ్చుకున్న ధర అది.

2005లో నేను మదనపల్లె సబ్‌కలెక్టరు ఆఫీసులో పరిపాలనాధికారిని. బయటి నుంచి వచ్చే ఫిర్యాదులు ముందు నా దగ్గరికే వస్తాయి. అందులో ఒకటి ఆ ఊరి నుంచి వచ్చింది. ఫిర్యాదుదారు ఒక కాంట్రాక్టరు. తన తండ్రికి ఆ శ్మశానంలో కుప్పం గ్రానైటుతో సమాధి కట్టించాడు. కొందరు వ్యక్తులు శ్మశానాన్ని ఆక్రమించి అందులో గొర్రెలను మేపుతున్నారని, ఆక్రమణల చట్టం కింద వాళ్ళను ఖాళీ చేయించి, మందను స్వాధీనం చేసుకుని జరిమానా వేయాలని రాశాడు. ఎవరో చూశాను. నంజప్ప, అతని తమ్ముళ్ళు. తండ్రి చావును సాకుగా చూపుతున్నారనీ అందులో ఉంది, మునెప్ప పోయాడని నాకు అట్లా తెలిసింది.

సబ్‌కలెక్టరు ఉద్యోగంలో కొత్తగా చేరిన చిన్న వయసాయన. విచారించి రిపోర్టు ఇమ్మని నన్నే పంపారు. ఆక్రమణ విచారణ మామూలుగా పగటిపూట చేస్తారు. నేను కావాలనే పొద్దు వాలాక పోయాను, ఫిర్యాదులోని సంగతి జరిగేది అప్పుడే కాబట్టి. శ్మశానం చుట్టూ గోడ లేచింది, ఇనుప గేటు ఉంది. లోపల అన్ని కులాలవాళ్ళ సమాధులూ ఉన్నాయి. కొన్నిటి మీద టైల్సు, కొన్నిటి మీద నున్నటి బండలు. ఒక మూల మాత్రం ఉట్టి ఎర్రమన్ను. అక్కడ తడికలు కట్టి ఉన్నాయి. కాంట్రాక్టరు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పక్కన పంచాయతీ కార్యదర్శి.

నంజప్పకు తల నెరిసింది. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. ఈసారి ఏమీ దాచలేదు, మీరే చూడండి మేడం అన్నాడు. మంద కట్టకూడదని మీ నాయనకు నేనే చెప్పాను కదా అన్నాను.

"సెప్పినారని నాయన కూడా సెప్పినాడు మేడం. అయినా పోయే ముందు అడిగినాడు. జరిమానా ఏస్తే కట్టుకోండి, మంద మాత్రం మానాకండి అనె. ఏమి సేసేది మేము?"

గోడ పక్కన కొందరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో రెడ్డెమ్మ ఉంది. గుట్ట అవతల నుంచి దినాలు అయ్యేదాకా రోజూ వస్తోందట. నన్ను చూసి లేచి నిలబడింది. అనవలసిందంతా ఆమె పూర్వమే అనింది. దినాలయ్యేదాకా మంద కట్టిరి అని ఆమె చెప్పిన మాట, నా చేతి రాతతో, కలెక్టరాఫీసు ఫైలులో ఉంది. ఆ నేల శ్మశానమని సర్కారు ఒప్పుకున్నది ఆ వాడుకను చూసే. పూడ్చడాన్ని ఒప్పుకుని, పూడ్చే పద్ధతిని నేరమనడం ఎట్లా కుదురుతుంది?

గొర్రెలు గేటు లోంచి వచ్చాయి. ఎవరి సమాధీ తొక్కకుండా గోడ వెంబడి నడిపించి తడికల్లోకి తోలారు. నేను కాంట్రాక్టరును తడికల దగ్గరికి పిలిచి, ఆయన తండ్రి సమాధికి ఏమైనా నష్టం జరిగిందా అని అడిగాను. జరగలేదని ఒప్పుకున్నాడు. అయినా శ్మశానంలో మేపడం తప్పు కదా మేడం అన్నాడు. ఆయన కోపంలోనూ న్యాయం లేకపోలేదు, తన తండ్రి పడుకున్న చోటు కాబట్టే అడుగుతున్నాడు. చీకటి పడేదాకా అక్కడే నిలబడి చూడమన్నాను. నాతోపాటు నిలబడ్డాడు. ఆఖరున తన ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు గాని, చెప్పులు విడిచి తడిక దగ్గర కాసేపు తల వంచుకుని నిలబడి వెళ్ళిపోయాడు.

రిపోర్టులో మూడు సంగతులు రాశాను. ఆక్రమణ అంటే ఒకరు ఆ నేల తమదని పట్టుకుని కూర్చోవడం. వీళ్ళు తమదనడం లేదు, దినాలతో ముగిసిపోతుంది. మేత అంటే పశువులు ఆ నేల మీది గడ్డిని తినడం. మంద కట్టడం అది కాదు. శవాన్ని ఏ పద్ధతిలో పూడ్చాలో పంచాయతీ చట్టం చెప్పలేదు, ఇతరులకు ఇబ్బంది కలగకుండా చూడమని మాత్రమే చెప్పింది. కాబట్టి ఇతరుల సమాధులకు దూరంగా తడికలు కట్టుకోవాలనే షరతుతో, చర్య అవసరం లేదు. సబ్‌కలెక్టరు చదివి, పాత వాడుక అన్నారు కదా, ఆధారం ఏమిటని ఒక్క ప్రశ్న వేశారు. రెడ్డెమ్మ వాంగ్మూలం నకలు తెప్పించి పెట్టాను. చదివి సంతకం చేశారు.

తర్వాత శిక్షణకు వచ్చే కొత్త డిప్యూటీ తహశీల్దార్లకు ఈ సంగతి చెబుతూ వచ్చాను. నేలకు వర్గం ఒకటే ఉండాలి, లేకపోతే పరిపాలన నడవదు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ సందేహం లేదు. కాని వర్గం నేలకే. ఆ నేల మీద మనిషి చేసే పనిని ఆ పని జరిగే వేళకు పోయి, కళ్ళతో చూసి, తర్వాత పేరు పెట్టాలి. ఫిర్యాదులో మేపుతున్నారని రాసి ఉంటే ముందు గొర్రెలు మేస్తున్నాయా అని చూడాలి. ఆ సాయంత్రం మునెప్ప మీద నిలబడ్డ మందలో ఒక్క గొర్రె కూడా తల వంచి గడ్డి కొరకలేదు. నా రిపోర్టు మొదలైంది ఆ వాక్యంతోనే.